ఆడియో కంపెనీ నుంచి పిలుపు వచ్చిందా? సంతకానికి ముందు, తర్వాత చేయాల్సిన పనులు

“పాట రికార్డు చేశాం. ఏ ఆడియో కంపెనీకి పంపాలి?” శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాడేవాళ్ళు, పాట కట్టేవాళ్ళు అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఇది. ఇంకో ప్రశ్న కొన్ని నెలలు ఆగి వస్తుంది. “కంపెనీవాళ్ళు ఫోను చేశారు, కాగితం పంపారు, రేపటిలోగా సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?” మొదటిదానికి జవాబు చిన్నది: ఎవరికీ పంపకండి, ముందు మీరే విడుదల చేయండి. రెండోదానికే ఈ వ్యాసమంతా.

పంపవద్దని ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. రికార్డులు, క్యాసెట్ల కాలంలో స్టూడియో అద్దె, వాద్యగాళ్ళ కూలి, అచ్చు వేయడం, దుకాణాలకు చేర్చడం అన్నీ కంపెనీ ఖర్చులే. అందుకని వాళ్ళు ముందు గొంతు వినేవారు, నచ్చితే డబ్బు పెట్టేవారు, శ్రోతలను ఆ తర్వాత వెతుక్కునేవారు. పాడేవారికీ వేరే దారి ఉండేది కాదు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న ఘంటసాల, సుశీల కూడా చివరికి మద్రాసు చేరాల్సి వచ్చింది, మైకులు అక్కడే ఉండేవి మరి.

ఇప్పుడు ఆ వరుస తలకిందులైంది. 2016లో జియోతో డేటా చవకైంది. 2019లో స్పాటిఫై మన దేశానికి వచ్చింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక ఆ జనమంతా రీల్స్, షార్ట్స్ వైపు మళ్ళారు. కొత్తవారిని వెతికే కంపెనీ ఉద్యోగి ఇప్పుడు ముందు చూసేది అంకెలు: పాటను ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది రెండోసారి విన్నారు, ఎన్ని రీల్స్‌లో వాడారు. ఒప్పందం లేని గాయకులను గణాంకాలతో పసిగట్టే సోడాటోన్ అనే సంస్థను వార్నర్ మ్యూజిక్ 2018లోనే కొనేసింది. అంటే కంపెనీ మీ దగ్గరకు వచ్చేసరికి రికార్డింగూ అయిపోయి ఉంటుంది, శ్రోతలూ పోగై ఉంటారు. వాళ్ళు వచ్చేది ఆ పోగైనదాన్ని చూసే. కాబట్టి బేరమాడే బలం పాత రోజులకంటే మీకు ఎక్కువే ఉంది. చాలామంది ఆ సంగతి గుర్తించకుండా, పాత కాలపు కృతజ్ఞతతో, పాటను శాశ్వతంగా రాసిచ్చేస్తున్నారు. రాసివ్వకండి. గడువు పెట్టి ఇవ్వండి. కింద చెప్పే పనులన్నీ అందుకే.

దగ్గర ఉండాల్సినవి

- పాట వేవ్ (WAV) ఫైలు, అంటే నాణ్యత తగ్గించని అసలు ఫైలు. ఎంపీ3 ఒక్కటే ఉంటే చాలదు. స్టూడియోవాళ్ళను గొంతు, వాద్యాలు విడివిడిగా ఉన్న ట్రాకులు కూడా అడిగి తీసుకోండి. నెలలు గడిచాక అడిగితే “డిస్కు పాడైంది” అంటారు.
- ముఖచిత్రం: చతురస్రంగా, 3000 పిక్సెళ్ళ కొలతతో. నెట్‌లో దొరికిన నటుల ఫొటోలు పెట్టకండి.
- పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. రెండింటిలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.
- మీ సొంత ఈమెయిల్. ఛానల్‌ను మేనల్లుడి మెయిల్‌తోనో, వీడియో కోసే అబ్బాయి మెయిల్‌తోనో తెరిచినవారు మన దగ్గర చాలామంది. పాట ఆడనంతకాలం గొడవ ఉండదు. ఆడిన రోజున ఛానల్ ఎవరిదన్న ప్రశ్న మొదలవుతుంది.
- పాటలో పాలుపంచుకున్నవారందరూ సంతకం పెట్టిన పంపకాల కాగితం. దీని గురించి మూడో మెట్టులో.

1. పాట ఎవరిదో తేల్చుకోండి

ఉత్తరాంధ్రలో ఎక్కువగా తప్పటడుగు పడేది ఇక్కడే. ఊడ్పుల్లో విన్న పాట, జముకుల కథలో విన్న పాట, తప్పెటగుళ్ళవాళ్ళు పాడిన పాట, అన్నీ “జానపదమే కదా, ఎవరిదీ కాదు” అనుకుని పాడేస్తారు. కర్త తెలియని పాత పాట అయితే ఇబ్బంది లేదు, రచన దగ్గర “సంప్రదాయం” అని రాయండి. మీ పేరు రాసుకోకండి. రేపు ఇంకొకరు అదే పాట పాడితే మీరు ఆపలేరు, వాళ్ళూ మిమ్మల్ని ఆపలేరు. మీకు హక్కుండేది మీ రికార్డింగు మీద, మీరు కొత్తగా చేర్చిన చరణాల మీద మాత్రమే.

అయితే జనం నోట జానపదంగా తిరుగుతున్న పాటలు చాలావాటికి కర్తలున్నారు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు పాటలనే తీసుకోండి. ఊరూరా పాడుకుంటారు, సగంమందికి అవి ఎవరు రాశారో తెలియదు. ఆయన 2020లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది కనుక ఆ పాటలకు 2080 చివరి దాకా హక్కుదారులు ఉంటారు. అనుమతి లేకుండా విడుదల చేస్తే పాట బాగా ఆడుతున్న రోజుల్లోనే దించేయాల్సి వస్తుంది.

సరిచూసుకునే పద్ధతి: పల్లవి మొదటి వరుసను తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ యూట్యూబ్‌లో వెతకండి. ఆ తర్వాత మీ ఊళ్ళోనూ పక్క మండలంలోనూ పెద్దవాళ్ళ దగ్గర పాడి చూడండి. వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు చరణాలు వినిపిస్తే అది జనం పాట కావడానికే ఎక్కువ అవకాశం. ఎక్కడ విన్నా ఒక్క అక్షరం మారకపోతే దాని వెనుక రచయిత ఉన్నాడేమో గట్టిగా ఆరా తీయండి. పాటను మీకు నేర్పినవారి పేరు వివరణలో రాయడం, వచ్చినదానిలో వారికి కొంత ఇవ్వడం చట్టం అడగకపోయినా చేయాల్సిన పనే.

ఇంకో మాట, బీట్ గురించి, అంటే పాట వెనుక వినిపించడానికి ముందే తయారుచేసి పెట్టిన సంగీతం గురించి. నెట్‌లో ఉచితంగా దొరికిన బీట్ మీద పాడితే అదే బీట్ మీద ఇంకొందరు పాడి ఉంటారు. అలాంటి పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఇతరుల వీడియోల్లో మీ పాటను గుర్తుపట్టే ఏర్పాటులో) నమోదు చేయడానికి వీల్లేదు, ఎందుకంటే దానికి పూర్తి హక్కు మీ ఒక్కరిదే అయి ఉండాలి. ఏ కంపెనీ అయినా అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. మన దగ్గర జముకు వాయించేవారికీ డోలు వాయించేవారికీ కొదవ లేదు. వారి కూలి ఇచ్చి వాయించుకోండి.

2. రికార్డింగు

ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. గది గోడలు ఖాళీగా ఉంటే గొంతు మారుమోగుతుంది. ధాన్యం బస్తాలున్న గది దొరికితే అంతకంటే మంచిది లేదు, లేకపోతే పరుపులు నిలబెట్టి బొంతలు కప్పండి. ఫ్యాను ఆపండి. గుడి మైకు ఆగిన తర్వాతే మొదలుపెట్టండి.

జముకు విషయంలో జాగ్రత్త. నరం లాగి వదిలినప్పుడు వచ్చే దెబ్బకు చిన్న మైకు తట్టుకోలేదు, శబ్దం చిట్లిపోతుంది. మైకును చేతి పొడవు దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టి, స్థాయి ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తప్పెటగుళ్ళను గొంతుతో కలిపి ఒకే గదిలో రికార్డు చేయకండి, రేకు మోతలో మాట మునిగిపోతుంది. ముందు తప్పెటగుళ్ళు ఆరుబయట, తర్వాత గొంతు గదిలో.

పూర్తయ్యాక మూడు చోట్ల వినండి: ఇయర్‌ఫోన్లలో, మామూలు ఫోను స్పీకరులో, ఆటోలో. ఆటోలో మాట తెలియకపోతే గొంతు పెంచమని మిక్సింగ్ చేసినవారికి చెప్పండి. మన పాటలు ఎక్కువగా వినబడేది అక్కడే.

3. పంపకాల కాగితం రాసుకోండి

పాట అంటే ఒకటే ఆస్తి అనుకుంటాం. చట్టం దృష్టిలో అందులో సాహిత్యం, బాణీ, గానం, రికార్డింగు వేర్వేరు హక్కులు. రికార్డింగు హక్కు దాన్ని పూనుకుని, బాధ్యత తీసుకుని తయారు చేయించినవారిది. ప్రచురించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. దీన్నే మాస్టర్ అంటారు, కంపెనీల కన్ను ఎప్పుడూ దీని మీదే. మీరు డబ్బు పెట్టి చేయించుకుంటే మాస్టర్ మీది. మిత్రుడు “డబ్బులెందుకులే, కానీ” అని తన స్టూడియోలో ఉచితంగా చేసిపెట్టాడనుకోండి, పాట ఆడాక “నేనే కదా నిర్మాతను” అనడానికి అతనికీ ఒక దారి దొరుకుతుంది. స్నేహం ఉన్నప్పుడే రాసుకోవాలి. ఒక పేజీ చాలు:

“ఫలానా పాటకు సాహిత్యం ____, బాణీ ____, గానం ____, వాద్య సహకారం, మిక్సింగ్ ____. ఈ రికార్డింగు ఖర్చు మొత్తం ____ భరించారు, మాస్టర్ హక్కు వారిదే. వాద్యకారులకు, మిక్సింగ్ చేసినవారికి ____ రూపాయలు పూర్తిగా ముట్టాయి. రికార్డింగు మీద వచ్చే నికర ఆదాయం ఈ విధంగా పంచుకుంటాం: ____ శాతం, ____ శాతం. తేదీ, ఊరు, సంతకాలు, ఇద్దరు సాక్షులు.”

శాతాలన్నీ కలిపితే 100 కావాలి. నవ్వకండి, 110 వచ్చిన కాగితాలు చూశాను.

పాడేవారి వయసు 18 లోపయితే ఆ సంతకం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మైనర్లను ఒప్పందానికి అర్హులుగా గుర్తించదు. తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులుగా సంతకం చేయాలి, బడి పిల్లలతో పాడించే ఛానళ్ళవారు ఇది గుర్తుంచుకోవాలి.

4. విడుదల

రెండు దారులు, రెండూ కావాలి. యూట్యూబ్ ఛానల్ మీరే నేరుగా తెరవవచ్చు. స్పాటిఫై, జియోసావన్, రీల్స్ పాటల జాబితా వంటివాటికి మాత్రం డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే పాటను అక్కడికి చేరవేసే సంస్థ ద్వారా వెళ్ళాలి. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్, సీడీ బేబీ అలాంటివే. కొన్ని ఏడాదికింత అని రుసుము తీసుకుంటాయి, కొన్ని ఆదాయంలో శాతం. రుసుము పద్ధతిలో చేరితే ఒక సంగతి ముందే చూసుకోండి: మరుసటి ఏడాది కట్టకపోతే పాట ఉంటుందా, పోతుందా? డిస్ట్రిబ్యూటర్‌కు మాస్టర్ హక్కు రాసివ్వాల్సిన పని లేదు. అడిగితే అది డిస్ట్రిబ్యూషన్ కాదు, వేరే వ్యాపారం.

ప్రతి పాటకూ ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాలు, అంకెల సంకేతం ఇస్తారు. దాన్ని నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా, కంపెనీకి ఇచ్చినా అదే సంకేతంతో ఎక్కిస్తే పాత అంకెలు నిలుస్తాయి. కొత్త సంకేతం వేస్తే లెక్క సున్నా నుంచి మొదలు కావచ్చు.

పేరు విషయంలో మొండిగా ఉండండి. లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు రకాలుగా రాస్తారు. ఒక్కో పాటకు ఒక్కో రకంగా రాస్తే ముగ్గురు గాయనులు తయారవుతారు, శ్రోతలు ముగ్గురికీ చీలిపోతారు. అదే పేరుతో ఇంకొకరు ఉంటే ఊరి పేరో ఇంటి పేరో చేర్చండి. స్పాటిఫైవారి జాబితాల్లో పరిశీలనకు పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పాటను అక్కడ చేర్చి ఉండాలి. రేపు సిరిమానోత్సవం అనగా ఈ రాత్రి ఎక్కిస్తే కుదరదు.

యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి 1,000 మంది చందాదారులు, వారితోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. ఆ తర్వాత సంపాదన 10 డాలర్లకు చేరినప్పుడు మీ చిరునామాకు ఒక పిన్ నంబరు ఉత్తరంలో వస్తుంది. పల్లెల్లో అది పోస్టాఫీసులోనే ఉండిపోతుంటుంది, పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచండి, చిరునామాలో పిన్‌కోడు సరిచూడండి. డబ్బు 100 డాలర్లు నిండాకే చేతికి వస్తుంది. అమెరికా పన్ను ఫారం ఒకటి నింపమంటారు. అది మనకు కాదులే అని వదిలేస్తే ఉండాల్సినదానికంటే ఎక్కువ కోత పడుతుంది.

5. అంకెలు చదవడం నేర్చుకోండి

వీక్షణలు ఎన్ని అని అందరూ చూస్తారు. కంపెనీ అంతకంటే లోతుగా చూస్తుంది, మీరూ చూడండి. ఒక్కో శ్రోత సగటున ఎన్నిసార్లు విన్నాడు? దాచుకున్నవారెంతమంది? యూట్యూబ్‌లో ఏ నిమిషం దగ్గర జనం వదిలేస్తున్నారు? ఏ ఊళ్ళ నుంచి వింటున్నారు? విశాఖపట్నం, హైదరాబాద్ సరే. గుజరాత్ తీరం నుంచి వినికిడి కనిపించినా ఆశ్చర్యపోకండి, వేరావల్ పడవల మీద పనిచేసేవారిలో మన మత్స్యకారులు చాలామంది. ఇలాంటి వివరం మీకు తెలిసి ఉండటం బేరంలో పనికొస్తుంది.

అంకెలు కొనకండి. కొన్న వీక్షణలు ఒక్క రాత్రిలో ఎగిసి చతికిలబడతాయి. వ్యాఖ్యలు ఉండవు, దాచుకున్నవారు ఉండరు. కంపెనీ మనిషికి అది చూడగానే అర్థమవుతుంది. పైగా దొంగ స్ట్రీములు కనిపిస్తే స్పాటిఫై 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్లకు జరిమానా వేస్తోంది, వాళ్ళు దాన్ని మీ ఖాతాకే రాసి పాటను తీసేస్తారు. “పదివేల వ్యూస్ ఇంతకు” అని ఎవరైనా సందేశం పంపితే జవాబు కూడా ఇవ్వకండి. అదే స్పాటిఫైలో ఇంకో నియమం ఉంది: 12 నెలల్లో 1,000 సార్లు వినని పాట రాయల్టీ (పాట వాడకం మీద వచ్చే డబ్బు) లెక్కలోకే రాదు. మొదటి గడప అదే అనుకోండి.

6. ఫోను వచ్చింది. ముందు అది ఎవరో చూడండి

డబ్బు అడిగితే కంపెనీ కాదు. “ప్రమోషన్ ఖర్చులకు ఇంత కట్టండి, మిమ్మల్ని మా లేబుల్‌లో చేర్చుకుంటాం” అన్న మాట విన్న వెంటనే ఫోను పెట్టేయవచ్చు. పెద్ద కంపెనీ పేరు చెప్పి మామూలు జీమెయిల్ నుంచి రాసేవారుంటారు. కంపెనీ వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు మీరే రాసి, ఫలానావారు మీ ఉద్యోగేనా అని అడగండి. వాళ్ళు ఇంతకుముందు తీసుకున్న గాయకులు ఇద్దరితో మాట్లాడి ఒకే ప్రశ్న వేయండి: “లెక్కల కాగితం వస్తోందా?” డబ్బు వస్తోందా అని అడిగితే మొహమాటపడతారు, ఈ ప్రశ్నకు నిజం చెబుతారు.

ఛానల్ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరు అడిగినా ఇవ్వకండి. ఒప్పందం కుదిరినా అవి ఇవ్వాల్సిన అవసరం రాదు.

7. ఏ రకం ఒప్పందమో గుర్తించండి

కాగితం మీద పేరు ఏదైనా ఉండవచ్చు, లోపల ఉన్నది ఈ నాలుగింటిలో ఏదో ఒకటి.

*పూర్తి కొనుగోలు.* ఒకసారి డబ్బిచ్చి మాస్టర్‌ను శాశ్వతంగా తీసుకోవడం. జానపద ఛానళ్ళలో ఎక్కువగా ఇదే పద్ధతి. ఇంట్లో అత్యవసరం ఉంటే తప్పు పట్టను, కానీ ఆడుతున్న పాటకు ఇది చివరి మార్గం.

*లైసెన్సు.* మాస్టర్ మీదే, ఇన్నేళ్ళు వాడుకునే హక్కు వాళ్ళది. గడువు తీరాక పాట మీ దగ్గరకు వస్తుంది. నా సలహా దాదాపు ఎప్పుడూ ఇదే.

*డిస్ట్రిబ్యూషన్, కొంత ప్రచారం.* వాళ్ళు పాటను చేరవేస్తారు, శాతం తీసుకుంటారు. అడ్వాన్సు తక్కువ ఉంటుంది లేదా ఉండదు. పాటలు వరుసగా చేసేవారికి బాగుంటుంది.

*గాయకుడినే కట్టేసుకునేది.* ఇన్నేళ్ళు, ఇన్ని పాటలు, స్టేజీ కార్యక్రమాల్లో వాటా, ప్రకటనల్లో వాటా. రికార్డుల అమ్మకం పడిపోయాక కంపెనీలు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2002లో బ్రిటన్ గాయకుడు రాబీ విలియమ్స్‌తో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ చేసుకున్నది ఈ కోవకు చెందిన తొలి పెద్ద ఒప్పందాల్లో ఒకటి. అక్కడ కంపెనీ కోట్ల పౌండ్లు పోసింది. మన దగ్గర ఒక్క వీడియో తీసిపెట్టి జాతర కార్యక్రమంలో వాటా అడుగుతారు. మీకు ఏడాది పొడవునా అన్నం పెట్టేది ఊరి పండుగలు, పెళ్ళిళ్ళే అయితే ఆ వాటా ఇవ్వకండి. కార్యక్రమాన్ని వాళ్ళే తెచ్చిపెడితే ఆ ఒక్కదానికి కమీషన్ అని రాయించండి.

8. నిబంధనలు ఒక్కొక్కటి చదవండి

కాగితం ఇంగ్లిష్‌లోనే వస్తుంది. అర్థం కాకపోతే సిగ్గుపడాల్సింది లేదు, అర్థం కాకుండా సంతకం పెట్టడమే ప్రమాదం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. ఫోను నంబరు 15100.

గడువు, ప్రాంతం: 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఏ పాట, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడ, ఎంత రాయల్టీ అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్ళు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అని చట్టం భావిస్తుంది. కంపెనీల కాగితాల్లో మాత్రం “శాశ్వతంగా, ప్రపంచమంతటా” అన్న మాటలు ముందే అచ్చై ఉంటాయి. శాశ్వతంగా అన్నదాన్ని కొట్టేసి ఏళ్ళు రాయించండి. 3 నుంచి 5 ఏళ్ళ మధ్య అడగండి.

ఖర్చుల మినహాయింపు: మొత్తం కాగితంలో ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క వాక్యంలోనే, అందుకే ఇక్కడ లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణ కోసం. కంపెనీ మీకు 30,000 అడ్వాన్సు ఇచ్చింది, వీడియోకు 70,000 పెట్టింది, మొత్తం లక్ష. మీ వాటా 30 శాతం. పాట 3,00,000 తెచ్చింది.

మొత్తం ఆదాయంలోంచి ఖర్చు తీసేసే పద్ధతి అయితే: మూడు లక్షల్లో లక్ష పోగా రెండు లక్షలు. అందులో 30 శాతం, 60,000 మీకు వస్తుంది. కంపెనీకి మిగిలేది 1,40,000.

మీ వాటాలోంచి తీసేసే పద్ధతి అయితే: మూడు లక్షల్లో మీ 30 శాతం 90,000. దాన్ని లక్ష ఖర్చుకు జమ వేసుకుంటారు. మీకు సున్నా, పైగా 10,000 బాకీ. కంపెనీకి తన ఖర్చు పోగా 2,00,000 మిగిలింది.

పాట అదే, శాతం అదే. కాబట్టి “ఎంత శాతం” అని అడిగి ఊరుకోకండి, “ఖర్చు దేనిలోంచి తీస్తారు” అని అడగండి. వీడియో ఖర్చు మీకు ముందుగా చూపించి మీరు ఒప్పుకున్నాకే లెక్కలో కలపాలని కూడా రాయించండి.

రచయిత, బాణీ కట్టినవారి రాయల్టీ: కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ తర్వాత వీరు తమ రాయల్టీ హక్కును వదులుకుంటామని రాసిచ్చినా అది చెల్లదు. ఆ మాట కాగితంలో కనిపిస్తే కొట్టేయమనండి. పాట మీరే రాస్తే, బాణీ మీరే కడితే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. ప్రదర్శనల మీద, ప్రసారాల మీద వచ్చే రాయల్టీని వసూలు చేసి పంచే సంస్థ అది. గాయకులకు వేరే సంఘం ఉంది, ఇస్రా పేరుతో మొదలైంది.

కొత్త మాధ్యమాలు: ఒప్పందం నాటికి లేని మాధ్యమాలకు హక్కు వెళ్ళాలంటే ఆ మాధ్యమం పేరు కాగితంలో ఉండాలి. ఇప్పుడు చాలా ఒప్పందాల్లో గొంతు నమూనాతో కృత్రిమ మేధ ద్వారా కొత్త పాటలు తయారు చేసుకునే వాక్యం కూడా దూరుతోంది. నా సలహా ఒక్కటే: తీసేయించండి.

మళ్ళీ పాడే హక్కు: అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తొలి ఆల్బముల మాస్టర్లు 2019లో చేతులు మారితే ఆమె వాటిలో నాలుగింటిని మళ్ళీ పాడి విడుదల చేసింది. అప్పటి నుంచి కంపెనీలు ఈ నిబంధనను మరింత బిగించాయి. ఎన్నేళ్ళ తర్వాత మీ పాటను మీరు మళ్ళీ రికార్డు చేయవచ్చో చూడండి. జాతరలో పాడుకోవడానికి ఎప్పుడూ అడ్డు ఉండకూడదు.

కోర్టు ఎక్కడ: వివాదం వస్తే ముంబై కోర్టులోనే అని ఉంటే, చిన్న మొత్తం కోసం మీరు అక్కడికి వెళ్ళలేరని వాళ్ళకు తెలుసు. విశాఖపట్నం అని అడగండి. ఒప్పుకోకపోతే హైదరాబాద్ దాకా రావచ్చు.

9. జవాబు ఇలా రాయండి

ఫోనులో బేరం వద్దు, మెయిల్‌లో రాయండి. నమూనా:

“నమస్కారం. మా పాటపై ఆసక్తి చూపినందుకు సంతోషం. పూర్తి హక్కుల బదిలీకి మేము సిద్ధంగా లేము. 3 ఏళ్ళ లైసెన్సుకు అంగీకరిస్తాం. ఖర్చులు మొత్తం ఆదాయంలోంచి మినహాయించాలి. ప్రతి మూడు నెలలకు లెక్కల కాగితం పంపాలి. స్టేజీ కార్యక్రమాల ఆదాయం ఒప్పందంలోకి రాదు. సవరించిన ప్రతి పంపితే న్యాయవాదికి చూపించి పది రోజుల్లో చెబుతాం.”

“రేపటిలోగా పెట్టకపోతే అవకాశం పోతుంది” అంటే పోనివ్వండి. మీ అంకెలు నిజమైనవైతే వాళ్ళు మళ్ళీ వస్తారు, లేదా ఇంకొకరు వస్తారు.

10. సంతకం తర్వాత సరిచూడటం

ప్రతి పేజీ మీద ఇరువైపులా సంతకాలున్న ప్రతి మీ దగ్గర ఉండాలి. “తర్వాత పంపిస్తాం” అంటే మీ సంతకమూ తర్వాతే. పాట వాళ్ళ చేతికి వెళ్ళాక మొదటి వారంలో స్పాటిఫైలో, యూట్యూబ్ మ్యూజిక్‌లో వెతికి రచయిత, బాణీ పేర్లు సరిగా ఉన్నాయేమో చూడండి. మీ సొంత ఛానల్‌లో ఉన్న అదే పాట మీద కంపెనీ నుంచి కంటెంట్ ఐడీ క్లెయిం (ఈ పాట మాది అన్న దావా) పడవచ్చు. కంగారుపడకండి, మీ ఛానల్‌ను మినహాయింపు జాబితాలో చేర్చమని మెయిల్ రాయండి. సంబంధం లేనివారు క్లెయిం వేస్తే అభ్యంతరం నమోదు చేయండి, వాళ్ళు 30 రోజుల్లో స్పందించాలి. ఇక్కడే మీ పంపకాల కాగితం, వేవ్ ఫైలు అక్కరకు వస్తాయి.

లెక్కల కాగితం వచ్చినప్పుడు మూడు సంగతులు: ఐఎస్ఆర్‌సీ మీదేనా, ఏ వేదిక నుంచి ఎంత వచ్చిందో విడివిడిగా ఉందా, మినహాయించిన ఖర్చులకు బిల్లులున్నాయా. రాయల్టీ ఒక పరిమితి దాటితే దాని మీద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తారు, పాన్ ఇవ్వకపోతే 20. కోసినట్టు చెప్పిన మొత్తం ఆదాయపు పన్ను సైటులో, మీ పేరున కోసిన పన్ను చూపించే పట్టీలో కనిపించాలి. కనిపించకపోతే కోసినది ప్రభుత్వానికి చేరలేదన్నమాట, వెంటనే అడగండి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవారికి

పాత కాగితం బయటికి తీయండి. కాలం రాసి ఉందా? లేకపోతే సంతకం తేదీ నుంచి 5 ఏళ్ళు లెక్కపెట్టండి. కంపెనీ పాటను తీసుకుని విడుదల చేయకుండా మూలన పడేసిందా? ఒప్పందంలో వేరేగా రాయకపోతే, ఏడాదిలోగా వాడని హక్కు అక్కడితో రద్దయినట్టేనని 19వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండింటిలో ఏది వర్తించినా న్యాయవాదితో ఒక నోటీసు రాయించి, రసీదు వచ్చే పోస్టులో కంపెనీ రిజిస్టర్డు చిరునామాకు పంపండి. రసీదును ఒప్పందం కాగితానికి కుట్టి ఉంచండి. గడువు మిగిలే ఉంటే లెక్కల కాగితం కోరుతూ మెయిల్ రాయండి, ఎన్ని నెలలుగా రాలేదో తేదీలతో సహా. కాగితం మీ దగ్గర అసలు లేకపోతే, ముందు అదే అడగండి.